విక్టోరియా కాలపు కప్ ఫైనల్స్: అపోహలు - వాస్తవాలు

రిఫరీల శిక్షణ తరగతుల్లో నేను ఫుట్‌బాల్ నియమాల చరిత్ర చెబుతాను. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ నడిపే ఎఫ్‌ఏ కప్ మొదలైన నాటి నుంచి, డబ్బు తీసుకుని ఆడేవారికి 1885లో అనుమతి దొరికే వరకు గడిచిన కాలం మీద కొన్ని అభిప్రాయాలు గట్టిగా నాటుకుపోయాయి. వాటిలో చాలావరకు నిలబడేవి కావు.

అపోహ: మొదటి కప్ ఫైనల్ దేశమంతా ఊగిపోయిన పండుగ.

వాస్తవం: 1872 మార్చి 16న లండన్‌లోని కెన్నింగ్టన్ ఓవల్ క్రికెట్ మైదానానికి వచ్చినవారు దాదాపు రెండు వేల మంది. టికెట్ ఒక షిల్లింగు. పోటీకి పేరిచ్చిన జట్లే 15. గ్లాస్గో నుంచి వచ్చిన క్వీన్స్ పార్క్ వాండరర్స్‌తో సెమీఫైనల్‌ను డ్రా చేసుకుంది కానీ, మళ్లీ లండన్‌లో ఉండి ఆడే ఖర్చు భరించలేక తప్పుకుంది. దాంతో ఫైనల్‌కు చేరిన వాండరర్స్ 1-0తో రాయల్ ఇంజనీర్స్‌ను ఓడించింది. ఆ ఒక్క గోల్ కొట్టిన మోర్టన్ బెట్స్ ఆ రోజు మారుపేరుతో ఆడాడు.

అపోహ: ఆట ఇప్పటిదే, దుస్తులే వేరు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడు రిఫరీగా నాకు నిజంగా బాధ కలుగుతుంది. 1872 ఫైనల్‌లో క్రాస్‌బార్ లేదు, గోల్ స్తంభాల మధ్య ఒక టేపు కట్టారు. గోల్ పడగానే జట్లు వైపులు మార్చుకునేవి. పెనాల్టీ కిక్ 1891 దాకా లేదు. ఫైనల్‌లో గోల్ వెనుక వల కనిపించింది 1892లో. అన్నిటికంటే పెద్ద తేడా నిర్ణయాల్లో ఉంది. చెరో జట్టు తరఫున ఒక అంపైర్ ఉండేవాడు. ఆటగాడు అప్పీల్ చేస్తేనే వాళ్లు తీర్పు చెప్పేవారు. వాళ్లిద్దరికీ కుదరనప్పుడు మైదానం బయట ఉన్న రిఫరీ తేల్చేవాడు. రిఫరీ విజిల్‌తో మైదానం మధ్యలోకి వచ్చి పూర్తి అధికారం చేపట్టింది 1891లోనే. పెద్దమనుషులు తమ తగాదా తామే తీర్చుకోగలరన్న నమ్మకం మీద ఆ పాత పద్ధతి నడిచింది. కప్ విలువ పెరిగేకొద్దీ ఆ నమ్మకం సడలింది.

అపోహ: 1883 ఫైనల్‌లో మిల్లు కార్మికులు కండబలంతో దొరబాబులను ఓడించారు.

వాస్తవం: ఎక్కువగా చెప్పుకునేదీ, ఎక్కువగా తప్పు చెప్పేదీ ఈ మ్యాచే. మార్చి 31న ఓవల్‌లో ఓల్డ్ ఈటోనియన్స్, బ్లాక్‌బర్న్ ఒలింపిక్ తలపడ్డాయి. ఈటోనియన్స్ అంటే సంపన్నుల పిల్లలు చదివే ఈటన్ పాఠశాల పూర్వ విద్యార్థులు. వారికి అది వరుసగా మూడో ఫైనల్, అప్పటికి కప్ వారిదే. వారి ఆటగాడు ఆర్థర్ కినైర్డ్‌కు తొమ్మిదో ఫైనల్. ఇంగ్లండ్ ఉత్తరాన నూలు మిల్లుల ప్రాంతమైన లాంకషైర్ నుంచి వచ్చిన ఒలింపిక్ జట్టులో నేతపనివారు, ఇనుప పోత కార్మికులు, నూలు వడికేవాడు, ఒక దంతవైద్యుడి సహాయకుడు ఉన్నారు. కెప్టెన్ ఆల్బర్ట్ వార్‌బర్టన్ ప్లంబర్.

ఇక కండబలం సంగతి. బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకుని, భుజంతో తోసుకుంటూ ముందుకు దూసుకెళ్లడం ఈటోనియన్స్ పద్ధతి. దేహదారుఢ్యం మీద ఆధారపడింది వాళ్లే. ఒలింపిక్ మాత్రం ఒక అంచు నుంచి మరో అంచుకు పొడవైన పాస్‌లు వేస్తూ ప్రత్యర్థిని పరుగెత్తించింది. జాక్ హంటర్ వాళ్లకు ఆటగాడూ, శిక్షకుడూ. ఫైనల్‌కు ముందు జట్టును పని మాన్పించి బ్లాక్‌పూల్ సముద్రతీరానికి తీసుకెళ్లి సాధన చేయించారు. ఖర్చు భరించింది ఇనుప కర్మాగారం యజమాని సిడ్నీ యేట్స్.

గుడ్‌హార్ట్ గోల్‌తో ఈటోనియన్స్ ముందంజ వేశారు. మాథ్యూస్ సమం చేశాడు. ఈటోనియన్స్ ఆటగాడు ఆర్థర్ డన్ గాయపడి బయటికి వెళ్లాడు. మార్పు ఆటగాడిని దించే నియమం లేదు కాబట్టి పది మందే మిగిలారు. అదనపు సమయంలో వాళ్లు అలసిపోయారు. జిమ్మీ కాస్ట్‌లీ కొట్టిన గోల్‌తో ఒలింపిక్ 2-1తో గెలిచింది. డన్ గాయం ఫలితాన్ని ప్రభావితం చేసిందనడంలో నాకు సందేహం లేదు. అయినా ఆ చివరి నిమిషాల్లో తేడా చూపింది ముందస్తు సాధనే.

అపోహ: డబ్బు రాకముందు ఆట పవిత్రంగా ఉండేది.

వాస్తవం: ఇది విన్నప్పుడు ఊరుకోలేను. ఈటన్‌లో చదివిన బ్యాంకరు వారం మధ్యలో ఆడినా, రైలెక్కి వేరే ఊరు వెళ్లినా అతని ఇల్లు గడుస్తుంది. మిల్లులో నేసేవాడు ఒక పూట మానితే ఆ పూట కూలి పోతుంది. 1882లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఖర్చులకు, నిజంగా పోగొట్టుకున్న కూలికి మించి ఏమీ తీసుకోకూడదని నియమం పెట్టింది. కాగితం మీద న్యాయంగానే కనిపిస్తుంది. సాధనకు పట్టే రోజులకు, గాయపడి మంచాన పడిన వారాలకు అందులో చోటు లేదు. అందుకే లాంకషైర్‌లో చెల్లింపులు చాటుగా సాగాయి. మంచి ఆటగాడికి పేరుకు ఒక ఉద్యోగం చూపించేవారు. 1884లో ప్రెస్టన్ జట్టు మీద ఫిర్యాదు వస్తే, దాని నిర్వాహకుడు విలియం సడెల్ దాచకుండా ఒప్పుకున్నాడు. ప్రెస్టన్‌ను కప్ నుంచి తప్పించారు. ఉత్తరాది క్లబ్బులు వేరు కుంపటి పెడతామని హెచ్చరించాయి. 1885 జూలై 20న వృత్తి ఆటగాళ్లను షరతులతో అనుమతించారు.

ఈ ప్రశ్న మన దగ్గరా ఉంది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి ఫుట్‌బాల్ పోటీ రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఆటగాళ్లను నిలబెట్టింది పోలీసు కొలువు జీతమే. నెల జీతం ఉంది కాబట్టే సాధన సాధ్యమైంది. అందులో తప్పుపట్టాల్సింది ఏముంది?

అపోహ: 1883 తర్వాత అమెచ్యూర్ ఆట, అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవారి ఆట, చచ్చిపోయింది.

వాస్తవం: అమెచ్యూర్ల కోరింథియన్ క్లబ్బు 1884లో కప్ విజేత బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను 8-1తో ఓడించింది. అమెచ్యూర్ జట్టే అయిన క్వీన్స్ పార్క్ 1884, 1885 ఫైనల్స్ ఆడింది. 1893-94లో అమెచ్యూర్ జట్లకు వేరే కప్ మొదలైంది.

నిజానికి ముందు కూలిపోయింది ఒలింపిక్కే. ఊళ్లో రోవర్స్ బలపడింది. 1888లో పన్నెండు క్లబ్బులతో లీగ్ మొదలైనప్పుడు బ్లాక్‌బర్న్ నుంచి రోవర్స్‌నే తీసుకున్నారు. జీతాలు ఇవ్వలేక ఒలింపిక్ తన ఆటగాళ్లను మళ్లీ అమెచ్యూర్లుగా ప్రకటించుకుని, 1889లో మూతపడింది.