గర్భసంచి జారడం: డెల్టాలో ఈ బాధకూ, దాని ఆపరేషన్‌కూ వెనకున్న చరిత్ర

ఊడ్పుల రోజుల్లో సాయంత్రమయ్యేసరికి నడుం లాగేస్తుంది. కింద ఏదో కాయలా తగులుతుంది. గొంతుక్కూర్చుంటే బయటికి వస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. గోదావరి డెల్టాలో స్త్రీలు ఈ మాట ముందుగా చెప్పుకునేది తోటి కూలీతోనో, అక్కతోనో, ఊళ్లో నర్సమ్మతోనో. డాక్టరు దాకా వచ్చేసరికి ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. వచ్చాక చాలాసార్లు వినపడేది ఒకటే సలహా: "సంచి తీయించేసుకో." ఆ సలహా అంత మామూలు మాటగా ఎలా మారిందో, అందులో ఎక్కడ లోటుందో తెలిస్తే ఆపరేషన్ గురించి ఆలోచించేవాళ్లకు అడగాల్సిన ప్రశ్నలు దొరుకుతాయి.

ముందు లోపలి అమరిక చూద్దాం. ఉట్టి మీద కుండ ఉన్నట్టు గర్భసంచి లోపల వేలాడుతూ ఉంటుంది. నడుం కింద ఉండే త్రికాస్థి ఎముక నుంచీ, కటి పక్క గోడల నుంచీ వచ్చే బంధనాలు ఉట్టి తాళ్లలా దాన్ని పైకి పట్టి ఉంచుతాయి. అడుగున ఊయల గుడ్డ పరిచినట్టు ఒక కండరం ఉంటుంది. ముందువైపు మూత్రసంచి, వెనకవైపు మలం నిలిచే పేగు. కాన్పులో అడుగు కండరం చిరిగినా, సాగినా బరువంతా తాళ్ల మీద పడుతుంది. ఏళ్ల తరబడి లాగి లాగి తాళ్లు వదులవుతాయి. అందుకే జారేది ఎప్పుడూ గర్భసంచి ఒక్కటే కాదు. యోని ముందు గోడతో మూత్రసంచి, వెనక గోడతో పేగు కూడా దిగుతాయి. కొందరిలో సంచి దాని చోటునే ఉండి మూత్రసంచి మాత్రమే దిగుతుంది. కుండ కింద పడితే తప్పు ఉట్టిదే గాని కుండది కాదు. ఈ కథనమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఈ బాధకు మొదటి కారణం కాన్పు. ఆ దెబ్బ ఆరకముందే పడే బరువు దాన్ని పెంచుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువ నీళ్లు వచ్చాక డెల్టా క్రమంగా సార్వా, దాళ్వా రెండు పంటల నేల అయింది. ఊడ్పులు, కలుపు ఆడవాళ్ల చేతుల్లోనే నడిచాయి. కూలి పోతుందని బాలింత నెల తిరక్కుండానే పొలంలో దిగిన ఇళ్లు ఎన్నో. నడుం వంచి నాటు వేయడం ఒక్కటే అయితే అంత చేటు చేయదు. ఊపిరి బిగబట్టి తడి నారు కట్టలు, నీళ్ల బిందెలు, కొబ్బరికాయల తట్టలు ఎత్తినప్పుడు కడుపులో ఒత్తిడంతా కిందికి దిగుతుంది. ఏళ్ల నాటి మలబద్ధకం, పొయ్యి పొగ తెచ్చిన దగ్గు కూడా అదే పని చేస్తాయి. ముట్లు ఆగిపోయాక గోడలు పలచబడి మిగిలింది కాస్తా బయటపడుతుంది.

ఇంటి పురుళ్లలో గర్భసంచి ముఖం పూర్తిగా తెరుచుకోకముందే "ముక్కు, ముక్కు" అనేవారు, బిడ్డ రాకపోతే పొట్ట మీద నొక్కేవారు. పురుడయ్యాక నడికట్టు ఊపిరాడనంత బిగిస్తే ఒత్తిడి పోయేది కిందికే. 2005లో జననీ సురక్షా యోజన, 108 అంబులెన్సు వచ్చాక కాన్పులు ఆసుపత్రులకు మారాయి, ప్రాణాలు దక్కాయి. పొట్ట నొక్కే అలవాటు మాత్రం కొన్ని కాన్పు గదుల్లోకి కూడా వెంట వచ్చింది. కాన్పు త్వరగా అవ్వాలని అలా నొక్కవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో చెప్పింది.

ఇది కొత్త రోగం కాదు. సుశ్రుత సంహిత దీన్ని ప్రస్రంసిని అంది. నెయ్యి రాసి, పాలతో కాపడం పెట్టి, లోపలికి తోసి కట్టు కట్టమంది. ప్రాచీన గ్రీకు వైద్యులు సగం దానిమ్మకాయను లోపల అడ్డం పెట్టేవారు. ఇవాళ వాడే పెసరీకి మూలం ఆ ఆలోచనే. ఇప్పటిది మెత్తని సిలికాన్ లేదా ప్లాస్టిక్ రింగు. దాని సైజు మిల్లీమీటర్లలో ఉంటుంది, ఎక్కువమందికి 65, 70, 75 దగ్గర సరిపోతుంది. పెట్టాక రింగుకీ గోడకీ మధ్య ఒక వేలు దూరాలి. మనిషి లేచి నడిచి, దగ్గి, గొంతుక్కూర్చుని, మూత్రం పోసుకుని వచ్చి "ఏమీ తెలియట్లేదు" అన్నాకే ఇంటికి పంపాలి. చిన్నదైతే జారిపోతుంది, పెద్దదైతే మూత్రం ఆగిపోతుంది, పుండు పడుతుంది. మూడు నుంచి ఆరు నెలలకోసారి తీసి, కడిగి, గోడలు చూసి మళ్లీ పెట్టాలి. పెట్టించుకుని మరిచిపోతే రింగు కండలోకి దిగబడి మూత్రసంచికో పేగుకో రంధ్రం పడే ప్రమాదముంది. రింగు అంటే భయం పుట్టడానికి అలా వదిలేసిన రింగులే కారణం. చూసుకుంటూ ఉంటే ఏళ్ల తరబడి నడుస్తుంది. ఆపరేషన్ తట్టుకోలేని వాళ్లకే కాదు, పంట అయ్యేదాకా ఆగాలనుకునే వాళ్లకూ ఇదే సరైన దారి.

ఆపరేషన్ల చరిత్ర 19వ శతాబ్దంలో మొదలైంది. 1813లో జర్మనీలో లాంగెన్‌బెక్ కింది దారిన, అంటే యోని గుండా, గర్భసంచి తీశాడు. 1877లో ఫ్రాన్సులో లెఫోర్ ముందు గోడనూ వెనక గోడనూ కలిపి కుట్టి దారినే మూసే పద్ధతి చెప్పాడు. కాపురం అవసరం లేని వృద్ధులకు అది ఇప్పటికీ చేస్తారు. చిన్న ఆపరేషన్, త్వరగా కోలుకుంటారు. 1888లో మాంచెస్టర్‌లో డొనాల్డ్ మొదలుపెట్టిన పద్ధతిలో సంచి ఉంచేసి, సాగిన గర్భసంచి ముఖం మాత్రం కోసి, తాళ్లను బిగిస్తారు. మన దేశంలో ఇరవైల్లో, ముప్ఫైల్లోనే సంచి జారే స్త్రీలు ఎక్కువగా వచ్చేవారు. వాళ్లకు ఇంకా పిల్లలు కావాలి. అందుకే బొంబాయిలో శిరోద్కర్, పురందరే వంటి సర్జన్లు సంచిని టేపుతోనో, పొట్ట గోడ పొర పట్టీలతోనో ఎముకకో, పొట్ట గోడకో వేలాడదీసే పద్ధతులు తయారుచేశారు. అంటే ఉట్టి తాడు మార్చే విద్యలో మన దేశానికి పెద్ద వాటా ఉంది. ఆ సంగతి మన స్త్రీలకు చేరకపోవడం మాకు బాధగా ఉంటుంది.

చేరకపోవడానికి కారణాలున్నాయి. ఆంధ్రలో పిల్లల ఆపరేషన్ చిన్న వయసులోనే అయిపోతుంది. "ఇక ఆ సంచితో పనేముంది, ఉంటే కాన్సరొస్తుంది" అనే మాట అక్కడినుంచే బలపడింది. తెల్లబట్ట అన్నా, నడుంనొప్పి అన్నా, జారడం అన్నా మందు ఒకటే అయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అవసరం లేకుండా సంచులు తీసేస్తున్నారన్న వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో, కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

బాగా జారిన సంచిని తీయడం తప్పని కాదు. పిల్లలు చాలనుకున్న నడివయసు స్త్రీకి కింది దారిన సంచి తీసి గోడలు కుట్టడం మంచి ఆపరేషనే. చూడాల్సింది చివరి పది నిమిషాలు. సంచి ముఖం చుట్టూ కోసి, మూత్రసంచిని పైకి తోసి, తాళ్లనూ రక్తనాళాలనూ ఒక్కొక్కటే పట్టి కట్టి సంచిని బయటికి తీస్తారు. ఆ తర్వాత కోసిన తాళ్ల మొదళ్లను యోని పైకప్పుకు కలిపి గట్టిగా కుట్టాలి. 1957లో మెక్‌కాల్ అనే డాక్టరు చెప్పిన కుట్టు ఇలాంటిదే. తాళ్లు బాగా సాగిపోయి ఉంటే కటి లోపలి బంధనానికి కుట్టాలి. ఈ పని చేయకుండా సంచి తీసి మూసేస్తే, పట్టు లేని పైకప్పు కొన్నేళ్లకు తలకిందులై దిగుతుంది. కుండ తీసేసి తెగిన ఉట్టిని అలాగే వదిలేసినట్టు. అందుకే ఆపరేషన్‌కు ముందు డాక్టరును సూటిగా అడగండి: "సంచి తీశాక పైకప్పు దేనికి కడతారు?" సంతకం పెట్టే కాగితంలో అండాశయాలు కూడా తీస్తామని ఉందేమో చదివించుకోండి. ముట్లు ఆగనివాళ్లకు కారణం లేకుండా వాటిని తీస్తే ఎముకలు, గుండె ముందే దెబ్బతింటాయి.

మధ్యలో మెష్ కాలం ఒకటి నడిచింది. జారిన గోడ కింద ప్లాస్టిక్ వల పరిస్తే మళ్లీ జారదనుకున్నారు. వల గోడను కోసుకుని బయటికి రావడం, తీరని నొప్పి చాలామందిని పట్టుకున్నాయి. 2019 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ పనికి కింది దారిన పెట్టే వలల అమ్మకం ఆపేయించింది. పొట్ట వైపు నుంచి పైకప్పును త్రికాస్థికి కట్టే వల వేరు, అది ఇప్పటికీ వాడుకలో ఉంది.

కాయ ద్వారం దాకానే వస్తుంటే తొందర లేదు. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాన్ని పది సెకన్ల దాకా బిగించి, అంతసేపు వదలాలి. ఇలా పూటకు 8 నుంచి 12 సార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం నాలుగు నెలలు. ఊపిరి బిగబట్టినా, పిరుదులు బిగించినా, కిందికి ముక్కినా మేలు జరగదు. దగ్గే ముందు, బిందె ఎత్తే ముందు ఒకసారి బిగించడం అలవాటు చేసుకోవాలి. పూర్తిగా బయటికి వచ్చినదాన్ని వ్యాయామం లోపలికి తేలేదు. అలాంటి సంచి కొన్నిసార్లు మూత్రనాళాలను నొక్కి కిడ్నీలను ఉబ్బిస్తుంది, అందుకని ఒకసారి కిడ్నీ స్కాన్ తీయించాలి. బట్ట ఒరుసుకుని పుండు పడితే లోపలికి తోసి మందు గుడ్డ పెట్టి, పుండు మానాకే కోత. కాన్సరు లేదని ముందు తేల్చుకోవాలి. సంచిని లోపలికి తోసి దగ్గించి చూడటం కూడా ముఖ్యం. అప్పుడు మూత్రం కారితే, ఆపరేషన్ తర్వాతా కారుతుందని ముందే తెలుస్తుంది.

ఆపరేషన్‌కు నెల ఎంచుకోవడంలో పొలం లెక్క చూడాలి. వెన్నులో మత్తిచ్చి గంట, రెండు గంటల్లో ముగుస్తుంది. లోపల పెట్టిన గుడ్డ మర్నాడు తీస్తారు, మూత్రం గొట్టం ఒకటి రెండు రోజులకు. గొట్టం తీశాక మూత్రం పూర్తిగా వస్తోందో లేదో కొలవకుండా ఇంటికి పంపకూడదు. ఆరు వారాలు కాపురం, బరువు రెండూ వద్దు. బిందెలు, తట్టలు మూడు నెలల దాకా ముట్టుకోకూడదు. దాళ్వా కోతలయ్యాక, కాలువలు కట్టేసే ఏప్రిల్‌లో చేయించుకుంటే సార్వా ఊడ్పుల వేళకు ఆ మూడు నెలలూ దాదాపు దాటుతాయి. ఊడ్పుల ముందు చేయించుకుని మూడో వారంలో నీళ్లు మోస్తే కుట్లు సాగిపోతాయి. ఆ మూడు నెలలూ నీళ్లు ఎవరు తెస్తారో ఇంట్లో ముందే తేల్చుకోవాలి. మలబద్ధకం రాకుండా విరేచనం మందు, దగ్గుంటే దానికి వైద్యం అదే వరసలో మొదలుపెట్టాలి.

ఎప్పుడో సంచి తీయించుకుని, ఇప్పుడు మళ్లీ కింద తగులుతోందనే వాళ్లు కూడా ఉన్నారు. "సంచే లేదు కదా, ఏం జారుతుంది" అని ఊరుకోకండి. జారింది పైకప్పు. దానికి రింగు పనిచేస్తుంది, కటి బంధనానికి కుట్టే ఆపరేషన్ ఉంది, పొట్ట వైపు నుంచి త్రికాస్థికి కట్టేదీ ఉంది. కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లినా, మరో పెద్ద ఆసుపత్రికి వెళ్లినా పాత డిశ్చార్జి కాగితం పట్టుకెళ్లండి. అప్పుడు తీసిందేమిటో, ఉంచిందేమిటో, పైకప్పుకు కుట్టు వేశారో లేదో చూసే డాక్టరుకు తెలిసేది దాని వల్లే.