మూలా నక్షత్రం ఊపిరి

విశాఖపట్నం, వన్‌టౌన్

చిరంజీవులు బుజ్జులుకీ, చిట్టికీ తాతయ్య దీవించి రాయునది.

నిన్న ఫోన్లో చిట్టి అడిగింది కదా, "రేపు మూలా నక్షత్రం, పుస్తకాలు సరస్వతి పూజలో పెట్టాలని అమ్మ అంటోంది. ఆ నక్షత్రం ఆకాశంలో నిజంగా ఉంటుందా, క్యాలెండర్లోనేనా?" అని. ఉందమ్మా అని చెప్పి ఊరుకున్నాను గానీ, రాత్రంతా మనసు దానిమీదే ఉంది. పుస్తకాలు ఎలాగూ పూజలో ఉన్నాయి. మీ నాన్న చేతికిచ్చి పంపుతున్న ఈ ఉత్తరం చదవండి.

వృశ్చికంలో తేలు కొండి ఉంటుంది. దాని చివర రెండు చుక్కలు పక్కపక్కనే కనిపిస్తాయి. వాటిలో కాంతి ఎక్కువున్నది మూల. అరబ్బులు దాన్ని షౌలా అన్నారు. కంటికి అది ఒక్కటే చుక్క. నిజానికి అక్కడ రెండు నక్షత్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతున్నాయి, ఆరు రోజులకు కాస్త తక్కువలో ఒక చుట్టు. పక్కన విడిగా కనిపించే చుక్క ఈ జంటలోది కాదు, పొరపడకండి.

ఇది అర్థం కావాలంటే ఒప్పులకుప్ప గుర్తు తెచ్చుకోండి.

నా చిన్నప్పుడు బీచ్‌లో ఇన్ని దీపాలు లేవు. సాయంత్రం మా అక్కా, జాలరిపేట నుంచి వచ్చే దాని స్నేహితురాలూ చేతులు మెలివేసి పట్టుకుని, కాళ్ళు దగ్గరగా పెట్టి, వెనక్కి వాలి గిరగిరా తిరిగేవారు. మడమల కింద ఇసుక గుండ్రంగా తవ్వుకుపోయి అడుగున తడి ఇసుక పైకి వచ్చేది. అక్కది తెల్ల పరికిణీ, ఆ అమ్మాయిది నీలిమందు రంగు. నేను ఇసుకలో బోర్లా పడుకుని చూసేవాణ్ణి. చీకటి పడేసరికి మొహాలు తెలిసేవి కావు, తెలుపు ఒక్కటే తెలిసేది. ఆ అమ్మాయి అక్కకి అడ్డం వచ్చినప్పుడల్లా ఆ తెలుపు చప్పున తగ్గిపోయేది. మళ్ళీ వచ్చేది. గట్టు మీద నిలబడి చూసే మా అమ్మకి ఈ తగ్గడం కనిపించేది కాదు. ఇసుక మట్టానికి తల ఆనించినవాడికే కనిపిస్తుంది. మూల విషయంలో మనం ఉన్న చోటు అలాంటిది. వాటి తిరుగుడుని ఇంచుమించు అంచు వైపు నుంచి చూస్తున్నాం కాబట్టి, ఒకటి రెండోదానికి రవ్వంత అడ్డం వస్తుంది. ఎంతసేపటికోసారి వస్తోంది, ఎంత కాంతి తగ్గుతోంది అని రాసుకుంటూ పోతే ఎవరెంత లావో చెప్పొచ్చు. ఎవరెంత వేగంగా ఊగుతున్నారో కూడా తెలిస్తే బరువూ కట్టొచ్చు. బరువైన పిల్ల మధ్యకి దగ్గరగా తిరుగుతుంది, తేలికైన పిల్ల దూరంగా ఊగుతుంది, మీరే ఆడి చూడండి.

ఇంకోటుంది. తిరిగి తిరిగి అక్కకి రొప్పు వచ్చేది. మూలలో పెద్ద నక్షత్రానికీ అలాంటి రొప్పుంది. సూర్యుడికి నాలుగు రెట్లు పైబడిన వేడి దానిది. ఐదు గంటల ఎనిమిది నిమిషాలకోసారి ఉబ్బి తగ్గుతుంది. దాని లోపలి పొరల్లో ఇనుము వంటి లోహాలు వేడిని కాసేపు ఆపి మళ్ళీ వదులుతుంటాయి, అందుకని. రొప్పు వింటే మనిషి గుండె సంగతి తెలిసినట్టు, ఈ ఉబ్బుతగ్గుల లెక్క పట్టి నక్షత్రం కడుపులో ఏముందో చెబుతారు. బరువు ఒప్పులకుప్ప చెప్పింది, లోపలి సంగతి ఊపిరి చెప్పింది. రెండూ ఒకే చోట దొరికే నక్షత్రాలు అరుదు, అందుకే వాటిని అంత శ్రద్ధగా చూస్తారు. ఇంతా చేసి దూరంగా మూడో పిల్ల కూడా ఉంది, మూడేళ్ళకు కాస్త తక్కువలో ఈ జంట చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తుంది!

మా అక్క పుట్టింది మూలా నక్షత్రంలోనే. మామగారికి గండం అని మూడు సంబంధాలు వెనక్కి పోయాయి. వచ్చినవాళ్ళలో ఒక్కరూ పెరట్లోకి వెళ్ళి ఆ నక్షత్రం ఎక్కడుందో తలెత్తి చూడలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఎవరినైనా ఏదైనా అనే ముందు ఒకసారి చూడండర్రా, అది చాలు.

మన ఊళ్ళో చూసినవాళ్ళు లేకపోలేదు. 1840లో గోడే జగ్గారావు గారు డాబాగార్డెన్స్‌లో సొంతంగా వేధశాల పెట్టారు. ఆయన తర్వాత అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యుడికి అడ్డంగా దాటడాన్ని ఇక్కడి నుంచే చూసి రాసిపెట్టారు. అదీ ఒక ఒప్పులకుప్పే.

మూలలో తగ్గే కాంతి చాలా కొంచెం, మన కంటికి అందదు, గాలి దాటి పైకి వెళ్ళిన ఉపగ్రహాలు పట్టాయి. మీకు కనిపించే మినుకుమినుకు మన గాలి చేసేది, దాని ఊపిరి కాదు. కంటితోనే చూడాలనుంటే అల్గాల్ అనే నక్షత్రం ఉంది. ఈ దసరా రోజుల్లో రాత్రి పదింటికి ఈశాన్యాన ఉంటుంది. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి మసకబారి, దాని కాంతిలో మూడో వంతు మాత్రమే మిగులుతుంది. తగ్గి కోలుకోవడానికి పది గంటలు. 1782లో ఇంగ్లండులో జాన్ గుడ్రిక్ అనే చెవిటి కుర్రాడు, పద్దెనిమిదేళ్ళవాడు, రాత్రి తర్వాత రాత్రి పక్క చుక్కలతో పోల్చి ఆ లెక్క పట్టాడు. ఏదో అడ్డం వస్తోందేమో అన్నవాడూ అతనే. మీరూ ఒక నోట్‌బుక్కు పెట్టుకోండి. పూజ అయ్యాకే లెండి.

ముందు ఈ సాయంత్రం ఏడింటికి అమ్మని తీసుకుని ఆర్కే బీచ్‌కి వెళ్ళండి. దీపాలకి వీపు పెట్టి డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు తిరగండి. సగం చంద్రుడు కనిపిస్తాడు. చెయ్యి బారజాపి పిడికిలి పెడితే, చంద్రుడి నుంచి ఒకటిన్నర రెండు పిడికిళ్ళ కింద, కాస్త ఎడమకి, ఆ రెండు చుక్కలూ ఉంటాయి. తొమ్మిది దాటితే బాగా కిందికి దిగిపోతాయి, ఆలస్యం చెయ్యకండి. బుజ్జులు పొట్టివాడు, వాణ్ణి భుజానికెత్తుకుని చూపించమను.

తాతయ్య