వంటగది లేని బడికి పెరటి తోట

విశాఖ నగరంలో చాలా సర్కారు బళ్లకు మధ్యాహ్న భోజనం వ్యానులో వస్తుంది. అక్షయపాత్ర అనే సంస్థ వంటశాలలో వండి, స్టీలు క్యాన్లకెత్తి పంపిస్తారు. అలాంటి బళ్లో పిల్లలు తోటకూర పెంచితే దాన్ని వండేదెవరు? 2019లో కేంద్ర ప్రభుత్వం బడుల్లో పోషకాహార తోటల కోసం మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు దాని మనసులో ఉన్న బడి వేరు. వెనక వంట షెడ్డు, పక్కన కాస్త జాగా, పొద్దున కోసిన కూర మధ్యాహ్నానికి పప్పులో పడడం. పల్లె మండలాల్లో ఇది కుదురుతుంది. నగరం నడుమ కంచరపాలెంలోనో అల్లిపురంలోనో కుదరాలంటే కష్టం. జాగా లేకపోతే డాబా మీద, కుండల్లో, పిండి సంచుల్లోనైనా పెంచుకోవచ్చని అవే మార్గదర్శకాలు చెప్పాయి. వంటగది లేకపోతే మాత్రం తోట ఎందుకన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

ఈ 'ఎందుకు'కు జవాబు ఒక్కో కాలంలో ఒక్కోలా మారుతూ వచ్చింది. 1937లో వార్ధా సమావేశంలో గాంధీ నయీ తాలీం, అంటే చేతిపని ద్వారా చదువు, ప్రతిపాదించారు. జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి పాఠ్యప్రణాళిక రాసింది. నూలు వడకడం, వడ్రంగం, సేద్యం లాంటి ఒక పనిని పట్టుకుని లెక్కలూ భాషా దాని చుట్టూ అల్లుకోవాలన్నది ఆలోచన. పిల్లలు చేసిన వస్తువులు అమ్మితే బడి ఖర్చు కొంతైనా గిట్టాలన్న మాట కూడా అందులో ఉంది. అసలు తగువు అక్కడే వచ్చింది, పిల్లల చేత చాకిరీ చేయిస్తారా అని. స్వాతంత్ర్యం వచ్చాక ఈ పద్ధతిలో బేసిక్ స్కూళ్లు పెట్టారు గానీ, నాలుగక్షరాలు నేర్చి ఉద్యోగస్తుడు కావాలని పిల్లాణ్ని పంపిన తండ్రికి ఆ గునపం నచ్చలేదు. తప్పు తండ్రిదని నేననను. ఉద్యోగ పరీక్షలో పాదులు తవ్వడం గురించి అడగరు కదా.

1964-66 కొఠారీ కమిషన్ దీన్నే 'పని అనుభవం' అంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ చేతిలో ఎస్‌యూపీడబ్ల్యూ (సమాజానికి పనికొచ్చే ఉత్పాదక పని) అయింది. టైంటేబుల్లో పీరియడ్ వచ్చింది, రికార్డు పుస్తకం వచ్చింది. చాలాచోట్ల ఆ పీరియడ్‌ను సిలబస్ పూర్తికాని లెక్కల మాస్టారు పట్టుకుపోయారు. ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది: ఆలస్యంగా వచ్చినవాడి చేత కలుపు తీయించడం, హోంవర్కు చేయనివాడి చేత నీళ్లు మోయించడం. శిక్షగా చేసిన పని మీద ఏ పిల్లాడికి ఇష్టం పుడుతుంది?

2001-02లో కేంద్ర పర్యావరణ శాఖ నేషనల్ గ్రీన్ కోర్ కార్యక్రమం కింద బళ్లలో ఎకో క్లబ్బులు వచ్చాయి. ఇప్పుడు కారణం పర్యావరణం. మొక్క నాటడం, ఫోటో దిగడం. విశాఖలో ఆ నాటిన చెట్లకు 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను పరీక్ష పెట్టింది. నగరంలో పచ్చదనం ఒక్కరోజులో నేలకొరిగాక మొక్కల మాట మళ్లీ గట్టిగా వినిపించింది. అయితే అది నీడనిచ్చే చెట్ల గురించే, ఆకుకూరల మడి గురించి కాదు.

పోషకాహారం అన్న కారణం వీటన్నిటి తరవాత వచ్చింది. దాన్ని తీసిపారేయలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. కానీ బడి మడిలో పండే నాలుగు కట్టల గోంగూర ఆ లెక్కను మార్చదు. లండన్ బళ్లలో లీడ్స్ విశ్వవిద్యాలయం చేసిన అధ్యయనం (2014) చెప్పింది కూడా అలాంటిదే: తోట పెట్టినంత మాత్రాన పిల్లలు కూరగాయలు ఎక్కువ తినరు.

చదువు దగ్గర ఆధారాలు కాస్త గట్టిగా ఉన్నాయి. 1990-2010 మధ్య వచ్చిన 48 అధ్యయనాలను విలియమ్స్, డిక్సన్ పరిశీలించి 2013లో ప్రచురించారు. తోటతో ముడిపెట్టి చెప్పిన పాఠాల వల్ల ఎక్కువ మేలు సైన్సులో కనిపించింది. తరవాత లెక్కలు, భాష. మనసు సంగతికొస్తే, 2018లో అమెరికాలో మింగ్ కువో బృందం చేసిన అధ్యయనంలో, ఆరుబయట పాఠం విని వచ్చిన పిల్లలు తరవాతి పీరియడ్‌లో కుదురుగా కూర్చున్నారు. 'ఇటు చూడు' అని టీచరు గద్దించాల్సిన సందర్భాలు తగ్గాయి.

ఆనప పాదు సంగతే చూడండి. ముందు మగపూలు పూసి రాలిపోతాయి. కాయ రాలేదేమని పిల్లలు బెంగపడతారు. కొన్నాళ్లకు అడుగున వేలెడంత పిందెతో ఆడపువ్వు కనిపిస్తుంది. పుస్తకంలో 'ఏకలింగ పుష్పం' అని బట్టీ పట్టిన మాట అప్పుడు అర్థమవుతుంది. పైగా ఆనప పువ్వు విచ్చుకునేది సాయంత్రం, బడి వదిలే వేళకు. అప్పటికి తేనెటీగలు గూళ్లకు చేరుతుంటాయి, ఇక రాత్రి తిరిగే పురుగులే దిక్కు. అందుకే మగపువ్వు కోసి ఆడపువ్వుకు చేత్తో తాకించాలి. ఆ పని అప్పజెప్పిన పిల్లాడు మర్నాడు బడికి పెందలాడే వస్తాడు. మార్కుల్లో వెనకబడినవాడికి తరగతిలో ఒక పేరు దొరికేది ఇలాంటి చోటే.

కాబట్టి వ్యానులో భోజనం వచ్చే బడికి తోట సైన్సు గదికి కొనసాగింపు అనుకుంటే సరిపోతుంది. కోసిన కూర పిల్లలు వంతులవారీగా ఇంటికి పట్టుకెళ్లవచ్చు. 2020 జాతీయ విద్యా విధానం 6-8 తరగతులకు చెప్పిన పుస్తకాల సంచి లేని పది రోజుల్లో కొన్ని దీనికి కేటాయించవచ్చు. ఇక ఏటా తోట చచ్చేది వేసవి సెలవుల్లో, నీళ్లు పోసేవాళ్లు లేక. దానికి ఉపాయం కష్టం కాదు. జూన్‌లో బడి తెరవగానే విత్తనం వేయాలి. నెల తిరిగేసరికి తోటకూర కోతకొస్తుంది. అక్టోబర్, నవంబర్‌ల తుపాను గాలికి పందిరి గట్టిగా కట్టుకోవాలి. మార్చికల్లా అన్నీ కోసి, విత్తనం ఎండబెట్టి, సీసాలో పోసి, బీరువాలో పెట్టి తాళం వేయాలి.