పులిహోర పొట్లం తర్వాత సంగతి: వరద సాయంపై అపోహలు - వాస్తవాలు

వరద సాయం పనిలో ఉంటాను కాబట్టి, తుపాను వార్త టీవీలో రాగానే నా ఫోన్ మోగుతుంది. "బట్టల మూటలు కట్టి పెట్టామండీ, ఎక్కడికి పంపమంటారు?" వద్దంటే నొచ్చుకుంటారు. పదిమందికీ విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నా.

అపోహ: ఏదిచ్చినా సాయమే.

2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. అవి మోసిన లారీల్లో టార్పాలిన్లు రావాల్సింది. అవసరం రోజురోజుకీ మారుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మొదట్లో తాగునీళ్లు, అన్నం పొట్లాలే ప్రాణం, డ్రోన్లతోనూ అందించారు. నీళ్లు తీశాక ఫైరింజన్లతో ఇళ్లలో బురద కడగాల్సి వచ్చింది. ఒక పెద్దావిడ నాతో అన్నమాట: "పులిహోర చాలు బాబూ, పొయ్యి బాగుచేయించు." స్టవ్ బర్నర్ల నిండా ఒండ్రు. అప్పటికి మా వ్యాన్‌లో ఉన్నవి మళ్లీ పొట్లాలే.

అపోహ: డబ్బు చేతికిస్తే తాగేస్తారు.

నేను ఎక్కువగా వినేది, నాకు ఒళ్లు మండేది ఇదే. నగదు సాయం మీద చాలా దేశాల్లో జరిగిన అధ్యయనాలను ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2014లో ఒకచోట చేర్చి చూశారు. మందుకీ, పొగాకుకీ ఖర్చు పెరిగినట్టు తేలలేదు. బుడమేరు ముంపులో గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి ప్రభుత్వం 25 వేల రూపాయలు ప్రకటించింది. దానితో ఒకరికి కావాల్సింది పరుపు, పక్కింటివారికి కుట్టుమిషన్ మోటారు, ఎదురింటాయనకి ఆటో రిపేరు. ఆ లిస్టు ఆఫీసులో కూర్చుని మనం ఎలా రాస్తాం? కాకపోతే ఒక మెలిక ఉంది: కొట్లు తెరవని ఊళ్లో నోట్లతో ఏం కొంటారు? అక్కడ సరుకే ఇవ్వాలి.

అపోహ: శవాలను వెంటనే పూడ్చకపోతే అంటురోగాలు వస్తాయి.

చాలావరకు కాదు. రోగాలు తెచ్చేది బతికున్నవాళ్ల మలమూత్రాలు కలిసిన నీళ్లే. అందుకే మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్లు, ఇరవై మందికో మరుగుదొడ్డి అని లెక్క పెట్టుకుంటాం. క్లోరిన్ బిళ్ల వేశాక అరగంట ఆగి తాగాలి. మురికి నీళ్లయితే ముందు గుడ్డతో వడకట్టాలి. ఇక శవాన్ని గుర్తుపట్టకుండా పూడ్చేస్తే ఆ ఇంటికి మరణ ధ్రువపత్రం దొరకదు, పరిహారం ఆగిపోతుంది.

అపోహ: ఇల్లు కట్టిస్తే కుటుంబం నిలబడ్డట్టే.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. కొబ్బరి మొక్క నాటితే కాయ చేతికి రావడానికి ఐదారేళ్లు. అప్పటిదాకా ఇల్లు గడవాలంటే అంతరపంట విత్తనాలు, ఉపాధి హామీ పనిదినాలు కావాలి. కౌలు రైతుది ఇంకో కష్టం. పంట నష్టం రాసుకునేటప్పుడు చూపించడానికి కాగితం లేకపోతే, పరిహారం భూమి ఎవరి పేరున ఉంటే వారికే పోతుంది. అందుకే మాలో ఒకరు తహసీల్దారు ఆఫీసు బయట చెట్టుకింద అర్జీలు రాసిపెట్టడానికే కూర్చుంటారు. ఆ మనిషి జీతానికి విరాళమిస్తామని ఇంతవరకూ ఎవరూ ఫోన్ చేయలేదు.