కార్పొరేషన్ హాళ్లు, ప్రైవేటు నిర్వాహకులు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నగరపాలక సంస్థకు చెందిన సమావేశ మందిరాన్ని ప్రైవేటు నిర్వాహకులకు అప్పగిస్తారన్న మాట ఎప్పుడు వచ్చినా విజయవాడలో రెండు వ్యాఖ్యలు వెంటనే వినిపిస్తాయి. "అమ్మేస్తున్నారు" అనేది ఒకటి, "ఇకనైనా బాగుపడుతుంది" అనేది మరొకటి. ఇరవై రెండేళ్లుగా విజయవాడలోనూ గుంటూరులోనూ కల్యాణ మండపాలు, ఆడిటోరియాలు, ఎగ్జిబిషన్ ప్రాంగణాల నిర్వహణలో ఉన్నాను. కొన్నిసార్లు టెండరు వేసిన పక్షాన, మరికొన్నిసార్లు టెండరు పత్రం రాసిపెట్టిన పక్షాన కూర్చున్నాను. ఆ అనుభవంతో చూస్తే ఈ రెండు వ్యాఖ్యలూ తొందరపాటు మాటలే. ఒప్పందంలో ఏం రాసి ఉంది, దాన్ని చేతిలో పెట్టుకుని నెలనెలా లెక్క అడిగే అధికారి ఎవరు అన్నవి తెలియకుండా ఏ హాలు గురించీ ఏమీ చెప్పలేం.

అపోహ: ప్రైవేటుకు ఇవ్వడమంటే పాట పెట్టి లీజుకు ఇవ్వడమే.

వాస్తవం: మనకు అలవాటైన పద్ధతి అదే కనుక ఈ అపోహ బలంగా నాటుకుపోయింది. సంతలు, సైకిల్ స్టాండ్లు, దుకాణాల గదుల్లాగే హాలునూ వేలం వేసి, ఎక్కువ పాడినవారికి ఇచ్చి, ఏడాదికింతని కట్టించుకోవడం కార్పొరేషన్‌కు సులభమైన పని. అయితే పాట పాడినవాడి లెక్క ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. ఏడాదికి కోటి రూపాయలకు పాడాడనీ, ఆ ఏడాది తనకు గట్టిగా దొరికే ముహూర్తపు రోజులు అరవై అనీ అనుకుందాం. కరెంటు, జీతాలు, శుభ్రత ఏవీ కలపకముందే ఒక్కో ముహూర్తం మీద లక్షా అరవై ఆరు వేలు పడుతుంది. ఆషాఢం, మూఢం, పుష్యమాసం వచ్చాయంటే హాలు చీకటిగా ఉంటుంది. ఇంత బరువు మోసేవాడు మూడేళ్ల లీజులో పదిహేనేళ్లు పనిచేయవలసిన ఏసీ యంత్రాన్ని ఎందుకు మారుస్తాడు? మార్చడు. నేనైనా మార్చను. వీలైనన్ని పెళ్లిళ్లకు ఇచ్చి, మరమ్మతులు వాయిదా వేసి, మూడో ఏడాది చివర తాళాలు అప్పగిస్తాను.

నిర్వహణ ఒప్పందం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ఇందులో హాలు మీద వచ్చే ప్రతి రూపాయీ యజమాని ఖాతాలోనే పడుతుంది. యజమాని ఆమోదించిన బడ్జెట్ ప్రకారమే ఖర్చు జరుగుతుంది. నిర్వాహకుడికి స్థిరమైన రుసుము, ముందుగా అనుకున్న లక్ష్యాలు అందితే దానిపై కొంత ప్రోత్సాహకం ముడతాయి. లాభం వచ్చినా నష్టం వచ్చినా అది కార్పొరేషన్‌దే. ఈ పద్ధతి అమెరికాలో బాగా స్థిరపడింది. లూసియానా రాష్ట్రానికి చెందిన న్యూ ఆర్లియన్స్ సూపర్‌డోమ్ 1975లో తెరుచుకుని, రెండేళ్లకే, అంటే 1977లో, ప్రైవేటు నిర్వహణలోకి వెళ్లింది. అలా మొదలైన సంస్థే ఎస్‌ఎంజీ. అది 2019లో ఏఈజీ ఫెసిలిటీస్‌తో కలిసి ఏఎస్‌ఎం గ్లోబల్ అయింది, ఆ సంస్థను 2024లో లెజెండ్స్ కొనుగోలు చేసింది. అక్కడి నగరాలు పన్ను మినహాయింపు బాండ్లతో, అంటే వడ్డీ మీద పన్ను పడని అప్పుతో, ఇలాంటి భవనాలు కడతాయి. ఆ మినహాయింపు నిలవాలంటే నిర్వాహకుడికి నికర లాభంలో వాటా ఇవ్వకూడదనీ, ఒప్పందం గరిష్ఠంగా 30 ఏళ్లకు మించకూడదనీ అక్కడి ఆదాయపన్ను శాఖ 2017లో జారీచేసిన నిబంధన చెబుతోంది. అంటే లాభాల్లో వాటా లేకపోవడం అక్కడ పన్ను చట్టం పెట్టిన కట్టుబాటు. మనకు ఆ చట్టం లేదు కనుక, ఆ జాగ్రత్తను మనమే ఒప్పందంలో రాసుకోవాలి.

అంత దూరం పోనక్కర్లేదనుకుంటే హైదరాబాద్ ఉంది. ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం కోసం 2006లో సిద్ధమైన అంతర్జాతీయ సమావేశ కేంద్రం హెచ్‌ఐసీసీని హోటళ్ల సంస్థ అకోర్ నడుపుతోంది. మరోవైపు ఢిల్లీలో 2023 జూలైలో ప్రారంభమైన భారత్ మండపం ప్రభుత్వ సంస్థ ఐటీపీఓ చేతుల్లోనే ఉంది. రెండు రకాలూ నడుస్తున్నాయి.

అపోహ: అమెరికాలో నష్టం వచ్చినా నడుపుతున్నారు కనుక మనమూ నడపవచ్చు.

వాస్తవం: సలహాదారుల నివేదికల్లో ఈ వాదన తరచుగా కనిపిస్తుంది. అక్కడి కన్వెన్షన్ సెంటర్లలో చాలావాటికి రోజువారీ ఖాతాలో నష్టమే వస్తుందన్నది నిజం. కానీ ఆ సెంటరుకు వచ్చిన ప్రతినిధి హోటల్లో దిగితే, గది అద్దె మీద వసూలయ్యే పన్నులో నగరానికి వాటా ఉంటుంది, చాలాచోట్ల ఆ డబ్బుతోనే కన్వెన్షన్ సెంటరు అప్పు తీరుతుంది. మన దగ్గర 2017 జూలై 1 నుంచి విలాస పన్ను జీఎస్టీలో కలిసిపోయింది. గవర్నర్‌పేటలో నాలుగు హోటళ్లు నిండితే వచ్చే పన్నును కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి, కార్పొరేషన్ ఖజానాకు దానిలో నుంచి నేరుగా ఏమీ చేరదు. హాలు అద్దె మీద వేసే 18 శాతం జీఎస్టీ సంగతీ అంతే. కాబట్టి "నగరానికి పరోక్ష లాభం" అనే మాటను నమ్మే ముందు, ఆ లాభం ఎవరి ఖాతాలో పడుతుందో పాలకమండలి సభ్యులు అడగాలి. రాష్ట్ర ప్రభుత్వం ఆ నష్టంలో కొంత భరిస్తుందా అన్నది సరైన ప్రశ్న.

అపోహ: వెయ్యి మంది పట్టే హాలంటే వెయ్యి మందికి ఏ కార్యక్రమమైనా చేసుకోవచ్చు.

వాస్తవం: 2005 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం కుర్చీల్లో కూర్చునే మనిషికి 0.6 చదరపు మీటర్లు, భోజనాల వంటి ఏర్పాటుకు 1.5 చదరపు మీటర్లు లెక్క వేసేవారు. ఆ లెక్కన 600 చదరపు మీటర్ల హాల్లో వెయ్యి కుర్చీలు పడతాయి కానీ భోజనాలకు నాలుగు వందల మందే. టెండరు పత్రంలో "సామర్థ్యం 1000" అని మాత్రమే రాసి ఉంటే దాన్ని చూసి రేటు వేసినవాడు తరువాత గొడవపడతాడు.

అపోహ: పేరున్న పెద్ద కంపెనీ వస్తే పని దానంతటదే చక్కబడుతుంది.

వాస్తవం: పెద్ద సంస్థలకు లెక్కలు, భద్రత, టికెట్ల వ్యవస్థ బాగా తెలుసు. దాన్ని నేను తక్కువ చేయను. కానీ మన హాళ్లను పోషించేది పెళ్లి, పెళ్లి జరిగిన హాలులో తెల్లవారితే సదస్సు ఉంటుంది. ఒక రాత్రి సంగతి చెబుతాను. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. పెళ్లివారు చివరి బస్సు ఎక్కేసరికి మూడు కావచ్చింది. ఉదయం ఎనిమిదింటికి అదే హాల్లో వైద్యుల సదస్సుకు పేర్ల నమోదు మొదలు కావాలి. మండపం విప్పడం, పూలదండల కుప్పలు ఎత్తడం, కుర్చీలు తిప్పి వేయడం ఎలాగో అయిపోయాయి. మిగిలినవి అక్షింతలు. పసుపు, నెయ్యి కలిసిన బియ్యం కార్పెట్టు నూలు మధ్యకు దిగిపోయి ఉంటే వాక్యూమ్ యంత్రం బియ్యాన్ని లాగింది కానీ పసుపును వదిలేసింది. తడిగుడ్డ పెట్టిన కొత్త కుర్రవాడు ఆ మరకను అరచేయంత నుంచి చాపంత చేశాడు. చివరికి అనుభవమున్న ఆయా ఒకామె వచ్చి, ముందు పొడిగా దువ్వి, మైదా చల్లి నెయ్యి పీల్పించి, ఆ తరువాతే సబ్బునీళ్లు ముట్టుకుంది. ఏ అంతర్జాతీయ కంపెనీ మాన్యువల్‌లోనూ ఈ పేజీ ఉండదు. అందుకే టెండరులో సాంకేతిక అర్హతకు మార్కులు వేసేటప్పుడు "పెద్ద వేదికల అనుభవం" అనే ఒక్క గడి సరిపోదు. ఒకే రోజు రెండు వేర్వేరు కార్యక్రమాలకు హాలు మార్చిన అనుభవాన్ని విడిగా అడగాలి, స్థానిక సిబ్బందిని కొనసాగించే ప్రణాళికకు మార్కులు పెట్టాలి.

అన్నట్టు, దసరా నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రి చుట్టూ దారులు మళ్లిస్తారు. ఆ రోజుల్లో వన్‌టౌన్ వైపున్న హాలుకు స్టేజీ సామాను లారీ ఎప్పుడు చేరుతుందో బయటి ఊరి మేనేజరుకు ఎవరూ చెప్పరు.

అపోహ: అప్పగింత అంటే తాళాలు ఇచ్చి సంతకం చేయడం.

వాస్తవం: నేను చూసిన వివాదాల్లో ఎక్కువ భాగం మొదటిరోజు రాసిన జాబితా దగ్గరే పుట్టాయి. చాలా ఏళ్ల క్రితం ఒక హాలును మేం స్వీకరించాం. యజమాని ఇచ్చిన జాబితాలో "ఏసీ చిల్లర్లు: రెండు. స్థితి: బాగున్నవి" అని ఉంది. చిల్లరంటే ఏసీ కోసం నీటిని చల్లబరిచే యంత్రం. మా ఇంజినీరు స్విచ్ వేశాడు, యంత్రాలు తిరిగాయి, చల్లగాలి వచ్చింది, సంతకాలు అయ్యాయి. మే నెల మొదటి రిసెప్షన్‌లో ఎనిమిది వందల మంది కూర్చున్నాక, నలభై నిమిషాలకు ఒక చిల్లరు కంప్రెసరు ఆగింది. ఇంకో పావుగంటకు రెండోది కూడా ఆగింది. ఖాళీ హాల్లో పది నిమిషాలు తిప్పి చూస్తే ఏ చిల్లరైనా బాగానే ఉంటుంది. మరమ్మతు ఖర్చు ఎవరిదన్న వాదన పదకొండు నెలలు నడిచింది. తప్పు మాదీ ఉంది, యజమానిదీ ఉంది. అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి ఒకటే. ఎండాకాలం మధ్యాహ్నం తలుపులు తెరిచి, లైట్లన్నీ వేసి, యంత్రాలను కనీసం నాలుగు గంటలు నడిపి, గంటగంటకూ వెళ్లే నీటి ఉష్ణోగ్రత, వచ్చే నీటి ఉష్ణోగ్రత, కరెంటు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో రాసుకుని, ఆ కాగితం మీద ఇరుపక్షాలూ సంతకం చేయాలి. జనరేటరును కూడా ఖాళీగా తిప్పి చూడకూడదు, పూర్తి భారం మీద నడిపి చూడాలి. లిఫ్టులు, ఫైర్ పంపులు, నీళ్ల సంపు, భోజనశాల మురుగు కాలువ ఇవన్నీ ఫొటోలతో సహా జాబితాలో ఉండాలి.

దీనికి తోడు, చిన్న మరమ్మతు ఎంతవరకు నిర్వాహకుడిది, ఏ మొత్తం దాటితే యజమానిది అన్న గీత అంకెల్లో గీయాలి. "సాధారణ నిర్వహణ" అనే మాట ఒక్కటే రాస్తే దానికి ఇద్దరూ చెరో అర్థం చెబుతారు. పెద్ద యంత్రాల మార్పిడి కోసం ఆదాయంలో కొంత శాతాన్ని ప్రతి నెలా విడి ఖాతాలో వేయించడం నిర్వహణ ఒప్పందంలో సాధ్యమవుతుంది. పాట పద్ధతిలో ఆ డబ్బు ఎక్కడి నుంచీ రాదు.

అపోహ: ప్రైవేటు చేతికి వెళ్తే నాటకాలకు, సంగీత సభలకు చోటు ఉండదు.

వాస్తవం: ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. నాటక పరిషత్తులు, నృత్య ప్రదర్శనలు ఈ ఊరికి ముఖ్యం. కార్పొరేషన్ తన ఆడిటోరియానికి తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం అని పేరు పెట్టుకున్నప్పుడు, మొవ్వ గ్రామపు పదకర్త పేరున్న వేదికలో పదాలు పాడేవారికి చోటుండాలని కోరడం సహజమే. అయితే దీనికి జవాబు ఒప్పందంలోనే ఉంది. ఏడాదిలో ఇన్ని రోజులు సాంస్కృతిక సంస్థలకు రాయితీ రేటుకు ఇవ్వాలనీ, వాటిలో ఇన్ని శని ఆదివారాలు ఉండాలనీ, ఆ తేదీలను ఆరు నెలల ముందే ప్రకటించాలనీ రాయాలి. శని ఆదివారాలు అని రాయకపోతే కళాకారులకు ఆషాఢంలో మంగళవారాలు దక్కుతాయి.

అంతకన్నా ముఖ్యమైనది ఉచితాల లెక్క. ఫలానా కార్యక్రమానికి హాలు ఉచితంగా ఇవ్వమని ఉత్తరం వచ్చినప్పుడు ఇస్తారు, కానీ దాన్ని ఎక్కడా రాయరు. ఏడాది చివర హాలు నష్టంలో ఉందని చెబుతారు. ఉచితంగా ఇచ్చిన ప్రతి రోజుకూ పూర్తి అద్దెను ఆదాయం కింద చూపి, దాన్ని ఏ విభాగం భరించిందో ఆ విభాగం ఖర్చులో రాస్తే, హాలు నిజంగా నష్టపోతోందా లేక ఎవరి మాట మీదో ఇచ్చేస్తున్నారా అన్నది తేలుతుంది. అది తేలడం చాలామందికి ఇష్టం ఉండదు.

అపోహ: అనుమతులు, సిబ్బంది బాధ్యత ఇక నిర్వాహకుడిదే.

వాస్తవం: అగ్నిమాపక శాఖ ధ్రువపత్రం భవనానిది కనుక యజమాని తప్పుకోలేడు. ఒప్పంద కార్మికుల జీతాలు, పీఎఫ్ నిర్వాహకుడు ఎగ్గొడితే ప్రధాన యజమానిగా కార్పొరేషనే జవాబు చెప్పుకోవాలి. ఆరుబయట లాన్‌లో రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకరు పెట్టకూడదన్న 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు ఎవరు నడిపినా వర్తిస్తాయి. ఇక ఎన్నికలప్పుడు, విపత్తులప్పుడు హాలును ప్రభుత్వం తీసుకోవలసి రావచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగిన రోజులు ఈ ఊరికి ఇంకా గుర్తున్నాయి. అలాంటప్పుడు అప్పటికే తేదీ తీసుకున్నవారి సొమ్ము ఎవరు తిరిగి ఇస్తారో, నిర్వాహకుడి రుసుము ఆగుతుందో లేదో ముందే రాసుకోవాలి.

అపోహ: గడువు ముగిస్తే హాలు దానంతటదే తిరిగి వస్తుంది.

వాస్తవం: భవనం తిరిగి వస్తుంది. పెళ్లివారు మాత్రం ఏడాది ముందే తేదీ అడుగుతారు. అంటే ఒప్పందం ఆఖరి ఏడాదిలో నిర్వాహకుడు తీసుకునే అడ్వాన్సుల్లో చాలా భాగం అతను వెళ్లిపోయాక జరిగే కార్యక్రమాలవే. ఆ సొమ్ము అతని సొంత ఖాతాలో ఉంటే, కొత్తగా వచ్చినవారు డబ్బు ముట్టకుండానే పెళ్లి జరిపించాలి, లేదా పెళ్లివారితో గొడవపడాలి. గడువు తేదీ దాటిన బుకింగుల అడ్వాన్సులు మొదటి రోజు నుంచే యజమాని పేరున ఉన్న విడి ఖాతాలో పడాలి. బుకింగు రిజిస్టరు, వెబ్‌సైటు, గూగుల్ మ్యాపులో హాలు పేజీ, హాలు బోర్డు మీద ఉన్న ఫోను నంబరు కూడా కార్పొరేషన్ పేరునే ఉండాలి. ఒకచోట ఫోను నంబరు పాత నిర్వాహకుడి పేరున ఉండిపోయింది. కార్పొరేషన్ హాలు కావాలని ఆ నంబరుకు ఫోను చేసినవారిని రెండేళ్లపాటు ఆయన రెండు వీధుల అవతల ఉన్న తన సొంత మండపానికి పంపించుకున్నాడు.