ఇంట్లో కూర్చుని ఆడే ఆట

తిరుపతి

చిట్టికీ, నానికీ తాత ఆశీస్సులు.

"ఒకప్పుడు ఊరంతా చూసిన క్విజ్ షోలు ఇప్పుడెందుకు చూడట్లేదు తాతా?" అని అడిగారు కదా. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

2000 జూలైలో అమితాబ్ బచ్చన్ 'కౌన్ బనేగా కరోడ్‌పతి' మొదలైంది. అప్పుడు మేం బైరాగిపట్టెడలో ఉండేవాళ్లం. వీధిలో హిందీ బాగా వచ్చింది పక్కింటి హిందీ టీచరమ్మకే. రాత్రి తొమ్మిదయ్యేసరికి అన్నాలు తినేసి వాళ్ల హాల్లో చేరేవాళ్లం. ఆమె ప్రశ్నను తెలుగులో చెప్పడం, మేం జవాబు అరవడం. హాట్ సీట్లో ఉన్న మనిషి నోరు తెరవకముందే అరవాలి! కోటి రూపాయలు మాకొచ్చేవి కావు, టెన్షన్ మాత్రం మాదే. షోకు ప్రాణం అదే నాయనా.

2014లో నాగార్జున 'మీలో ఎవరు కోటీశ్వరుడు' వచ్చినప్పుడు మీ అవ్వను చూడాల్సింది. చదివింది ఐదో తరగతి. భారతం మీద ప్రశ్న పడితే ఆప్షన్లు రాకముందే చెప్పేసేది. డిగ్రీ చదివిన మీ నాన్న తప్పు చెప్పి, ఆమె ఒప్పు చెప్పిన రాత్రి ఆ ముఖంలో వెలుగు నాకింకా కళ్లముందే ఉంది.

మరి ఎందుకు పడిపోతాయంటారా? మొదటిది, నమ్మకం పోవడం. 1950లలో అమెరికాలో 'ట్వెంటీ వన్' అనే షోకు జనం విరగబడ్డారు. నిర్వాహకులేమో ఎవరు గెలవాలో ముందే అనుకుని జవాబులు చెప్పిపెట్టేవారు. హెర్బ్ స్టెంపెల్ అనే ఆయన తనకు బాగా తెలిసిన ప్రశ్నకే, వాళ్లు చెప్పారని తప్పు జవాబిచ్చి ఓడిపోయాడు. ఆయన మీద గెలిచిన చార్లెస్ వాన్ డోరెన్ 1959లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు నిజం ఒప్పుకున్నాడు. ఇంట్లో కూర్చుని నిజాయితీగా బుర్ర బద్దలుకొట్టుకున్న లక్షలమందిని మోసం చేశారు కదా! ఆ తర్వాత అలాంటి మోసాన్ని నేరం చేస్తూ అక్కడ చట్టమే తెచ్చారు.

రెండోది, అతి. కరోడ్‌పతికి మూలమైన షో 1998లో బ్రిటన్లో పుట్టింది. మరుసటి ఏడాది అమెరికాకు వెళ్లి ఊపేసింది. జనం చూస్తున్నారు కదా అని వారంలో చాలా రాత్రులు వేశారు. 2002కల్లా జనానికి మొహం మొత్తింది. మన బ్రహ్మోత్సవాలు తొమ్మిది రోజులే కాబట్టి కదా ఏడాదంతా ఎదురుచూస్తాం.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మూడోది. 2021లో జూనియర్ ఎన్టీఆర్ 'ఎవరు మీలో కోటీశ్వరులు' షో వచ్చేనాటికి మనింట్లోనే ఒకరు టీవీ ముందు, ఒకరు గదిలో ఫోన్‌తో. ఎవరికి వాళ్లు చూసుకుంటే, ఎవరికంటే ముందు అరవాలి?

సంక్రాంతికి వస్తారుగా, పది ప్రశ్నలు రాసిపెట్టాను. మొదటిది ఇప్పుడే అడుగుతున్నా: చంద్రగిరికి ముందు విజయనగర రాజుల రాజధాని ఏ ఊరు? ఫోన్లో వెతక్కండి. కావాలంటే అవ్వకు ఫోన్ చేయండి, ఆ లైఫ్‌లైన్ ఒక్కటి ఇస్తాను.

మీ తాత