డీఆర్ఎస్ గురించి అపోహలు, వాస్తవాలు: హోస్టుల శాతాలు సమానం కావలసిన పని లేదు

డీఆర్ఎస్ (డిస్ట్రిబ్యూటెడ్ రిసోర్స్ షెడ్యూలర్) అంటే వీఎంవేర్ వీస్ఫియర్‌లో వర్చువల్ మెషీన్లను (వీఎంలను) హోస్టుల మధ్య సర్దే భాగం. హోస్టు అంటే వీఎంలు నడిచే అసలు సర్వరు, క్లస్టర్ అంటే కలిపి నడిపే హోస్టుల గుంపు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రుల్లో, కాలేజీల్లో సర్వర్లు చూసుకునే తమ్ముళ్ల నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: "అన్నా, మా దగ్గర డీఆర్ఎస్ పనిచేస్తలేదు. ఒక హోస్టు 78 శాతం మీద ఉంది, ఇంకోటి 30 దాటుతలేదు." ప్రింటర్ ఇరుక్కున్నా, బ్యాకప్ ఆగినా, సాఫ్ట్‌వేర్ నిదానించినా జవాబు చెప్పవలసింది ఆ ఒక్కరే కాబట్టి వారి కంగారు నాకు అర్థమవుతుంది. అర్థం కానిదల్లా ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టిన మాటను నమ్మి క్లస్టర్ సెట్టింగులు మార్చేయడం.

అపోహ: హోస్టులన్నీ ఒకే శాతం చూపిస్తేనే క్లస్టర్ బ్యాలెన్స్ అయినట్టు.

వాస్తవం: డీఆర్ఎస్ చూసుకునేది వీఎంలకు అడిగినంత సీపీయూ, మెమరీ అందుతున్నాయా లేదా అన్నది. సాగర్ ఎడమ కాలువలో ప్రతి తూము దగ్గరా నీటిమట్టం ఒకేలా ఉందా అని ఏ రైతూ అడగడు, చివరి ఆయకట్టుకు తడి అందిందా అనే అడుగుతాడు. 78 శాతం మీద ఉన్న హోస్టులో ప్రతి వీఎంకూ కావలసింది దొరుకుతుంటే, వాటిని 30 శాతం హోస్టుకు తరలించడం వల్ల వచ్చే లాభం శూన్యం, పైగా తరలింపు ఖర్చు అదనం.

ఈ అపోహ పుట్టడానికి కారణం లేకపోలేదు. 2006లో వచ్చిన తొలి డీఆర్ఎస్ నుంచి వీస్ఫియర్ 6.7 దాకా, హోస్టుల మధ్య లోడు ఎంత చెదిరి ఉందో లెక్కగట్టి, ఆ చెదురు ఒక హద్దు దాటితేనే ప్రతి 5 నిమిషాలకు ఒకసారి సర్దే పద్ధతి ఉండేది. 2020లో వచ్చిన 7.0 ఆ పద్ధతిని మార్చి, నిమిషానికి ఒకసారి ప్రతి వీఎంకూ 0 నుంచి 100 శాతం వరకు స్కోరు వేసి, ఇంకో హోస్టులో ఆ వీఎం ఇంతకన్నా బాగుంటుందా అని చూస్తుంది. మెమరీ విషయంలో తికమక ఇంకా ఎక్కువ. పాత వెర్షన్లు ప్రధానంగా యాక్టివ్ మెమరీని (వీఎం ఈమధ్య నిజంగా వాడిన మెమరీని) లెక్కలోకి తీసుకునేవి, స్క్రీన్ మీద మనం చూసేదేమో కన్స్యూమ్డ్ మెమరీ (హోస్టు ఆ వీఎంకు ఇచ్చి ఉంచిన మెమరీ). ఆ రెండూ కలవనప్పుడు చాలామంది డీఆర్ఎస్‌నే అనుమానించారు.

నల్లగొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది చెబుతాను. అక్కడ 6.7 మీద నాలుగు హోస్టుల క్లస్టర్ ఉండేది. గ్రాఫులు సమానంగా లేవని అక్కడి కుర్రాడు ముందు మైగ్రేషన్ థ్రెషోల్డును (డీఆర్ఎస్ ఎంత చొరవగా వీఎంలను తరలించాలో చెప్పే సెట్టింగును) 3 నుంచి చివరిదైన 5కు జరిపాడు. తరలింపులు పెరిగాయే గాని గ్రాఫులు కలవలేదు. అప్పుడు డీఆర్ఎస్‌ను మాన్యువల్‌లో పెట్టి, రాత్రిపూట కూర్చుని వీఎంలను తానే అటూ ఇటూ మార్చి, మెమరీ శాతాలు సమానం చేసి ఇంటికి వెళ్లేవాడు. కాని ఓపీ రద్దీ ఉండేది ఉదయం. తొమ్మిది దాటగానే బిల్లింగ్ డేటాబేసూ ల్యాబ్ సర్వరూ ఒకే హోస్టులో పోటీ పడేవి, డీఆర్ఎస్ 5 నిమిషాలకోసారి సిఫారసు ఇస్తూనే ఉండేది, దాన్ని ఆమోదించే మనిషి మాత్రం ఆ వేళకు ఓపీ కౌంటరు దగ్గర ప్రింటర్ బాగుచేస్తూ ఉండేవాడు. ఇంతలో యాజమాన్యం కొత్త సర్వరుకు కొటేషన్ కూడా తెప్పించింది.

నేను అడిగింది సీపీయూ రెడీ ఒక్కటే, అంటే వీఎం పనికి సిద్ధంగా ఉండి కూడా సీపీయూ కోసం ఎదురుచూసిన సమయం. డేటాబేసు వీఎంకు 16 వీసీపీయూలు (వర్చువల్ సీపీయూలు) ఇచ్చారు, రియల్‌టైమ్ గ్రాఫులో రెడీ విలువ 32,000 మిల్లీసెకన్లు. ఆ గ్రాఫులో ఒక్కో కొలత 20 సెకన్లది, అంటే 20,000 మిల్లీసెకన్లది కాబట్టి అది 160 శాతం, 16తో భాగిస్తే వీసీపీయూకు 10 శాతం. అయిదు దాటితేనే ఆలోచించవలసిన అంకె అది. "తమ్మీ, ఆ డేటాబేసు నిజంగా ఎన్ని కోర్లు వాడుతుంది?" అని అడిగితే, రద్దీ వేళ కూడా నాలుగు దాటడం లేదని తేలింది. ఒక ఆదివారం రాత్రి ఆ వీఎంను ఆపి 6 వీసీపీయూలకు తగ్గించి, డీఆర్ఎస్‌ను మళ్లీ పూర్తి ఆటోమేటిక్‌లో, థ్రెషోల్డును 3లో పెట్టించాను. సోమవారం ఉదయం రెడీ రెండు శాతం లోపే ఉంది. హోస్టుల శాతాలు అప్పుడూ సమానంగా లేవు. కొటేషన్ పక్కన పడింది.

నిజంగానే కొరత ఉండే సందర్భాలూ ఉంటాయి. అన్ని హోస్టుల్లోనూ రెడీ ఎక్కువగా ఉండి, బెలూనింగ్ (వీఎంల నుంచి మెమరీ వెనక్కి తీసుకోవడం), స్వాపింగ్ (మెమరీ చాలక డిస్కు వాడడం) కనిపిస్తుంటే ఏ ఆటోమేషనూ లేని మెమరీని సృష్టించలేదు, అప్పుడు ధైర్యంగా సర్వరు అడగండి.

మిగిలిన అపోహలు త్వరగా చెప్పేస్తాను. ఆటోమేటిక్‌లో పెడితే పనివేళల్లో వీఎంలు ఆగిపోతాయన్నది ఒక పుకారు. వీమోషన్ (నడుస్తుండగానే వీఎంను ఇంకో హోస్టుకు తరలించే పద్ధతి) నెట్‌వర్కు సరిగా ఉంటే చివరి నిలుపుదల సాధారణంగా సెకను లోపే ముగుస్తుంది, దాన్ని కూడా తట్టుకోలేని వీఎం ఏదైనా ఉంటే దానికొక్కదానికి మినహాయింపు పెట్టవచ్చు. హోస్టు పడిపోతే వీఎంలను లేపేది డీఆర్ఎస్ కాదు, హెచ్ఏ (హై అవైలబిలిటీ). హోస్టులన్నిటినీ నిర్వహించే సర్వరైన వీసెంటర్ ఆగిపోయినా హెచ్ఏ తన పని చేస్తుంది, డీఆర్ఎస్ చేయలేదు.

కొన్ని వీఎంలకు కలిపి సీపీయూ, మెమరీ వాటా పెట్టే రిసోర్సు పూల్‌ను ఫోల్డరులా వాడేవారి మీద మాత్రం నాకు కోపం వస్తుంది. పూల్‌కు నార్మల్ అంటే 4,000 సీపీయూ షేర్లు (రద్దీలో ఎవరికెంత వంతో చెప్పే అంకె), లోపల ఎన్ని వీఎంలున్నా అంతే. 40 వీసీపీయూలున్న ప్రొడక్షన్ పూల్‌లో ఒక్కోదానికి 100 షేర్లు పడితే, నాలుగే వీసీపీయూలున్న టెస్ట్ పూల్‌లో ఒక్కోదానికి 1,000 పడతాయి. రద్దీ వచ్చిన రోజున టెస్ట్ వీఎంలే హాయిగా ఉంటాయి. 7.0లో స్కేలబుల్ షేర్లు ఆన్ చేస్తే ఈ తేడా సర్దుకుంటుంది, కాని దాన్ని మీరే ఆన్ చేయాలి.

రెండు డొమైన్ కంట్రోలర్లను (లాగిన్లు చూసుకునే సర్వర్లను) వేర్వేరు హోస్టుల్లో ఉంచాలన్న సంగతి డీఆర్ఎస్ తనంతట తాను గ్రహించదు, యాంటీ అఫినిటీ నియమం మీరు రాయాలి. ఫలానా హోస్టులోనే ఉండాలని 'మస్ట్' నియమం పెట్టేముందు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. హెచ్ఏ కూడా దాన్ని దాటదు కాబట్టి, ఆ హోస్టు పడిపోయిన రోజున ఆ వీఎం ఇంకెక్కడా లేవదు. లైసెన్సు కట్టడి లేనిచోట 'షుడ్' (వీలైతే అక్కడే ఉండాలన్న నియమం) సరిపోతుంది.